పులగం వండి తీర్చుకున్న పగ

జబ్బు పడి లేచినవాళ్ళు రాసే అనుభవాల్లో చివరికొచ్చేసరికి అందరినీ క్షమించేస్తారు. ఆస్పత్రిలో పడుకుని ఫోన్‌లో అలాంటివి బోలెడు చదివాను. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది. మీకూ అలాంటిదే కావాలంటే ఇది చదవకండి. నేను క్షమించలేదు. పగ పట్టాను, ఆ పగ తీర్చుకున్నాను, తీర్చుకున్నాక హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడు ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. నేనిప్పుడు అమెరికాలోనే ఆష్‌బర్న్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాను. ఈ మధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒక తెలుగమ్మాయి లంచ్ అయ్యాక కుడి పక్క పట్టుకుని కూర్చుంటోంది. ఏమిటని అడిగితే "గ్యాస్ అక్కా, రోజూ ఉండేదే" అంది. ఆ సాయంత్రమే ఆ పిల్లని డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళాను. తిన్న కాసేపటికి కుడి పక్కటెముకల కింద మొదలై వీపులోకీ భుజంలోకీ పాకే నొప్పి గ్యాస్ కాకపోవచ్చు. సోడాలూ వామూ పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించుకోండి. నేనిచ్చే సలహా ఇంతవరకే. ఇక్కణ్ణించి నా గోల.

2011 ఆగస్టు

టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఒక యూనివర్సిటీలో నాకు ఎమ్మెస్ రెండో ఏడు మొదలైంది. పాత రూమ్మేట్లు ఉద్యోగాలొచ్చి వెళ్ళిపోతే, ప్రత్యూషా రమ్యా ఉండే రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో మూడో మనిషిగా చేరాను. ప్రత్యూషది గుంటూరు, రమ్యది కరీంనగర్, నాది రాజమండ్రి. ప్రత్యూషకి ఒక గది. రమ్యా నేనూ ఇంకో గదిలో. లీజులో వాళ్ళిద్దరి పేర్లే ఉన్నాయి. మధ్యలో వచ్చాను కాబట్టి నా పేరు లేదు. అప్పట్లో అదొక విషయంగా కూడా అనిపించలేదు.

ఇక్కడ చదువుకున్న ప్రతివాళ్ళకీ వంట టర్న్ అంటే ఏమిటో తెలుసు. రోజుకొకరు వండాలి, మిగతావాళ్ళు గిన్నెలు తోమాలి. మా ఇంట్లో నేను, రమ్య, ప్రత్యూష, మళ్ళీ నేను. ఆ ఇంటి రూల్స్ పెట్టింది ప్రత్యూష. నేను చేరిన రోజే సోఫాలో కూర్చోబెట్టి చెప్పింది.

"చూడు శైలూ, టర్న్ ఎవరిదైతే వాళ్ళు వండిందే అందరం తింటాం. మిగతావాళ్ళు ఆ రోజు స్టవ్ టచ్ చెయ్యకూడదు. ఇంకోటి, వండినదానికి వంక పెడితే, పెట్టినవాళ్ళే మర్నాడు టర్న్ తీసుకోవాలి. లాస్ట్ ఇయర్ వేరే ఇంట్లో ఉప్పు తక్కువైందని జుట్లు పట్టుకున్నారు. నాకా గోల వద్దు."

నాకు ఆ రూల్స్ బాగానే నచ్చాయి. ప్రత్యూష వంట ఇంకా బాగా నచ్చింది. మనిషి సంగతి ఎలా ఉన్నా చెయ్యి తిరిగినది, ఆ మాట ఒప్పుకోక తప్పదు. గుత్తి వంకాయ చేస్తే నూనె పైకి తేలి మెరుస్తూ ఉండేది. ఆ కూర రెండుసార్లు వడ్డించుకుని తిన్న రోజునే నాకు మొదటిసారి నొప్పి వచ్చింది. బాత్రూమ్‌లో చల్లటి నేల మీద ముడుచుకుని పడుకున్నాను. ఊపిరి పీల్చుకుంటే లోపల ఎవరో మెలి తిప్పినట్టుండేది.

గ్యాస్ అన్నారు అందరూ. రమ్య వాము నమిలించింది. ప్రత్యూష సోడా తెచ్చిచ్చింది. నిజం చెప్పాలంటే ఆ రోజు వీపు కూడా రాసింది. అందుకే తరవాత జరిగినదానికి నాకు అంత కడుపు మండింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు చేసి ఉంటే అంత మండేది కాదు.

2011 సెప్టెంబరు

ఒక సాయంత్రం టేబుల్ దగ్గర కూర్చుని ఉండగా ప్రత్యూష నా మొహంలోకి వంగి చూసింది.

"శైలూ, పైకి చూడు ఒకసారి. కళ్ళు పచ్చగా ఉన్నాయే."

"లైట్ వల్లేమో."

"అదే లైట్ కింద నేనూ ఉన్నాగా. నా కళ్ళు అలా లేవు. కామెర్లే ఇవి. మా బాబాయికి వచ్చినప్పుడు ఇలాగే ఉండేవి." అంటూ కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఆ కుర్చీ కాళ్ళ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

పచ్చకామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. నాకు లోకం ఎప్పటిలాగే కనిపించింది. లోకానికే నేను పచ్చగా కనిపించాను. రాత్రి భోజనాల వేళకి నా కంచం, గ్లాసు, స్పూన్లు ఒక అట్టపెట్టెలో వేసి బాల్కనీలో పెట్టేశారు. పెట్టె మీద టేపు అంటించి నా పేరు రాశారు. రమ్య తన పరుపు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. వంటింట్లోకి నన్ను రావద్దంది ప్రత్యూష.

"పర్సనల్‌గా తీసుకోకు శైలూ. హైజీన్, అంతే. మా ఇంట్లో కూడా బాబాయికి అన్నీ సెపరేట్‌గానే పెట్టారు. ఫుడ్ నేనే తెచ్చిస్తాగా."

తెచ్చిచ్చేది. తలుపు తట్టి, పేపర్ ప్లేట్ కార్పెట్ మీద పెట్టి, నేను తలుపు తీసేలోపు వెళ్ళిపోయేది. వంగి ఆ ప్లేట్ తీసుకోవడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పోనీ అందులో ఉన్నది తినగలిగేదా అంటే అదీ కాదు. బెండకాయ వేపుడు, ఆవకాయ, కోడిగుడ్డు పొరటు. నూనె వాసన తగిలితే ప్లేట్ దూరంగా జరిపేసేదాన్ని. ఫోన్‌లో అమ్మ చెప్పేది, నూనె ముట్టుకోకు, మెత్తగా పులగం వండుకు తిను, అదే మందు అని. గుప్పెడు బియ్యం ఉడికించుకోవడానికి కూడా నాకు పొయ్యి లేదు. అరటిపళ్ళు, బ్రెడ్డు తిని పడుకునేదాన్ని.

ఈలోగా ప్రత్యూష ఈ సంగతి కాంపస్ అంతా పాకించేసింది. రోజూ నన్ను కార్‌లో ఎక్కించుకునే క్లాస్‌మేట్ "నువ్వు రెస్ట్ తీసుకో శైలజా, మేం నోట్స్ పంపిస్తాం" అని మెసేజ్ పెట్టి, నోట్స్ పంపలేదు. క్లాసులో నా పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. లైబ్రరీలో ఒకమ్మాయి నేను ముట్టుకున్న తలుపు పిడిని చొక్కా చేతిని అడ్డం పెట్టుకుని తీసింది. ఇవన్నీ ఒక్కటి కూడా మరిచిపోలేదు నేను.

ఆస్పత్రి

ఒక పొద్దున నిలబడలేకపోయాను. ఆ ఇంట్లో కారు ప్రత్యూషకి ఒక్కదానికే ఉంది. గది గుమ్మంలోంచి అడిగాను, క్లినిక్ దాకా దింపమని.

"వద్దులేవే, రోజూ ఆ కార్‌లో నలుగురు ఎక్కుతారు. బస్ డైరెక్ట్‌గా వెళ్తుంది కదా" అంది.

బస్సులోనే వెళ్ళాను. క్లినిక్ వాళ్ళు నా మొహం చూడగానే పెద్దాస్పత్రికి పంపించారు. అక్కడి వెయిటింగ్ రూమ్‌లో టీవీలో వంటల ప్రోగ్రాం వస్తోంది. ఎవరో కోడిముక్కలు నూనెలో వేయిస్తున్నారు. వాసన రాకపోయినా, ఆ సలసల చప్పుడుకే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న ఒక ముసలావిడ నన్ను చూసింది, లేచి, కర్ర పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి చానెల్ మార్చేసి వచ్చింది. ఎవరో ఏమిటో తెలియదు. ఆవిడ చల్లగా ఉండాలి.

స్కాన్ చేసి, గాల్ బ్లాడర్‌లో రాళ్ళున్నాయని, ఒక రాయి జారి గొట్టంలో ఇరుక్కుందని, అందుకే ఒళ్ళు పచ్చబడిందని చెప్పాడు డాక్టర్. ముందు ఆ రాయి తీసి, తరవాత ఆపరేషన్ చేస్తానన్నాడు. ఆపరేషన్ గురించి నేనేమీ అడగలేదు. ఇది ఇంకొకళ్ళకి అంటుకుంటుందా అని రెండుసార్లు అడిగాను. రాయి ఎలా అంటుకుంటుందని నవ్వాడాయన. ఆ నవ్వు వినగానే నాకు నొప్పిలో కూడా ప్రాణం లేచి వచ్చింది. వెంటనే ప్రత్యూషకి ఫోన్ చేశాను.

"రాళ్ళట ప్రత్యూషా. నువ్వనుకున్న కామెర్లు కాదు. ఎవరికీ అంటుకోదట."

ప్రత్యూష అంది, "రాళ్ళైతే కళ్ళెందుకు పచ్చబడతాయే? ఇక్కడి డాక్టర్లకి మన రోగాలు ఏం తెలుసు? ఎందుకైనా మంచిది, కొన్నాళ్ళు జాగ్రత్తగా ఉందాం."

అప్పుడు అర్థమైంది నాకు. దానికి కావలసింది కారణం కాదు, నేను లేని వంటిల్లు.

రాయి తీసిన మర్నాడు ఏమైనా తినవచ్చన్నారు. ఫిలిప్పీన్స్ నర్సు ఒకావిడ ఉండేది. ఒంట్లో బాగా లేకపోతే మీ ఇంట్లో ఏం తింటారని అడిగింది. పులగాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియలేదు. పచ్చగా, మెత్తగా ఉండే అన్నం అన్నాను. "ఇప్పటికే నువ్వు సరిపడా పచ్చగా ఉన్నావు తల్లీ" అని నవ్వి, మా ఊళ్ళో కూడా జావలాంటి అన్నమే పెడతారని చెప్పింది. కాసేపాగి ఎక్కణ్ణించి తెప్పించిందో, ఒక గిన్నెడు మెత్తటి తెల్లన్నం, చిటికెడు ఉప్పు తెచ్చిపెట్టింది. పక్కనే కూర్చుని నేను తినేదాకా కబుర్లు చెప్పింది. మనిషి పక్కన కూర్చుంటే అన్నం అంత బాగా దిగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

రమ్య ఒక మధ్యాహ్నం వచ్చింది, రెండు బస్సులు మారి, నా ఛార్జర్ పట్టుకుని. గుమ్మంలోనే నిలబడింది.

"నేనొచ్చిన అని ప్రత్యూషకు చెప్పకు ప్లీజ్" అంది.

"ఎందుకు? ఏం చేస్తుంది?"

"ఏం జేయదు. కానీ రోజూ ఆమె కార్లనే పోతున్న కదా. ఊకె లొల్లి ఎందుకని."

రమ్య మంచిదే. నోట్లో నాలుక లేదు, అంతే. అలాంటి మంచితనం వల్ల ఆ క్షణంలో నాకు ఛార్జర్ తప్ప ఇంకేమీ దక్కలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున నన్ను మంచం మీద తోసుకుంటూ తీసుకెళ్తుంటే చచ్చిపోతానేమోనని భయం వేసింది. అలాంటప్పుడు అమ్మా నాన్నా గుర్తొస్తారంటారు. నాకు బాల్కనీలో ఎండకి ఎండుతున్న అట్టపెట్టె గుర్తొచ్చింది. నేను పోతే దాన్ని చెత్తడబ్బాలో వేసి చేతులు కడుక్కుంటారు. ఆ ఆలోచన రాగానే భయం పోయి కోపం వచ్చింది. ఎలాగైనా లేస్తాను, అదే పొయ్యి మీద వండుతాను, ప్రత్యూష నా చేతి అన్నం తినాలి అనుకున్నాను. మత్తు సూది పొడుస్తున్నప్పుడు పళ్ళు నూరుతున్నానని తరవాత నర్సు చెప్పింది.

2011 అక్టోబరు

డిశ్చార్జి రోజు డాలస్ పక్కనే ఉన్న కాపెల్ నుంచి వసంత ఆంటీ వచ్చారు. అమ్మతో కలిసి చదువుకున్న ఆవిడ. అమ్మ చెప్పేదాకా ఆవిడకి ఇదంతా తెలియదు. కార్‌లో కూర్చోబెట్టుకుని, పొట్టకి సీట్ బెల్టు ఒత్తుకోకుండా చిన్న దిండు పెట్టారు.

"మా ఇంటికి వచ్చేయవే. గది ఖాళీగా ఉంది. నెల రోజులుండి వెళ్దువుగాని."

"వద్దాంటీ. నన్ను అపార్ట్‌మెంట్‌లోనే దింపండి."

"ఆ పిల్ల నిన్ను అంత చేస్తే మళ్ళీ అక్కడికే వెళ్తావా?"

"నేను వెళ్ళకపోతే అది గెలిచినట్టే కదాంటీ."

ఆంటీ నావైపు ఒకసారి చూసి, కారు అపార్ట్‌మెంట్ వైపే తిప్పారు.

తలుపు తీసేసరికి ఇల్లంతా బ్లీచ్ కంపు. నా పరుపు గదిలో లేదు. గోడకి నిలబెట్టి హాల్లో పెట్టారు. ప్రత్యూష ఆంటీని చూసి నమస్తే చెప్పి, చాలా మర్యాదగా మాట్లాడింది.

"శైలూ, మేం ఒకటి అనుకున్నాం. జనవరికి మన జూనియర్ ఒకమ్మాయి రూమ్ వెతుక్కుంటోంది. నీకు కూడా ఆంటీ వాళ్ళింట్లో రెస్ట్ బాగుంటుంది కదా. లీజ్‌లో నీ పేరు లేదు కాబట్టి ప్రాబ్లమ్ కూడా ఏం ఉండదు."

నేను కుట్లు పట్టుకుని గోడకి ఆనుకున్నాను. ఆంటీయే మాట్లాడారు.

"జనవరి సంగతి జనవరిలో చూద్దాం కానీ, వంటిల్లు ఎటమ్మా?"

"ఆంటీ, ఇవాళ రమ్య టర్న్..."

"నాకు టర్నులేవీ లేవు. నేను చుట్టాన్ని." అని చెప్పులు విప్పి లోపలికి వెళ్ళిపోయారు. ప్రత్యూష తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి పులగం ఎలా వండాలో చూపించారు ఆంటీ. పెసరపప్పు నూనె చుక్క లేకుండా మూకుట్లో వేయించారు. కమ్మటి వాసన రాగానే దించేయాలి, ఎర్రబడితే చేదు. బియ్యానికి సగం పప్పు. రెండూ కలిపి కడిగి, ఒకటికి అయిదు నీళ్ళు, కాస్త పసుపు, చిన్న అల్లం ముక్క దంచి. కుక్కర్ మూత తీశాక గరిటెతో బాగా ఎనిపి, చివర్లో ఉప్పు. నెయ్యి లేదు, తాలింపు లేదు, మిరియం గింజ లేదు.

"కందిపప్పు వెయ్యకు, నీ పొట్ట ఓర్చుకోలేదు. చల్లారితే గట్టిపడుతుంది, వేడినీళ్ళు పోసి జారుగా చేసుకో" అన్నారు. నేను గిన్నెలోకి చూస్తూ కన్నీళ్ళు పెట్టుకుంటే గడ్డం పట్టుకుని పైకెత్తారు. "పగ పట్టాలంటే ముందు ఒంట్లో ఓపిక ఉండాలే. తిను."

తిన్నాను. బాల్కనీలోంచి నా కంచం నేనే తెచ్చుకుని, కడుక్కుని, టేబుల్ దగ్గర కూర్చుని తిన్నాను. పసిపిల్లకి పెట్టినట్టు మెత్తగా జారిపోయింది. చాలా రోజుల తరవాత పొట్ట నొప్పి లేకుండా నిండింది.

ఆంటీ వేయించిన పప్పు ఒక డబ్బా నిండా పోసి, తన చిన్న రైస్ కుక్కర్ నాకిచ్చి వెళ్ళారు. స్టవ్ ముట్టుకోకూడదన్నది రూలు. ప్లగ్గు పెట్టుకోకూడదని రూలేమీ లేదు. ఒక కోర్సు తగ్గించుకుని, పరుపు మళ్ళీ గదిలో వేసుకుని, అక్కడే పులగం వండుకుని, తిని పడుకుని, లేచి మళ్ళీ తిన్నాను. పప్పు కడుగుతున్నప్పుడల్లా ఎవరెవరు ఏమేం అన్నారో గుర్తుచేసుకునేదాన్ని. ప్రత్యూష మాటల దగ్గరికొచ్చేసరికి బియ్యం కూడా గట్టిగా పిసికేదాన్ని. కళ్ళు తెల్లబడ్డాయి. గోళ్ళు మామూలయ్యాయి. మెట్లు ఎక్కగలిగాను.

2011 నవంబరు, డిసెంబరు

ఒక ఆదివారం హాల్లోకి వెళ్ళి చెప్పాను. "రేపటి నుంచి నా టర్న్ నాకు కావాలి."

ప్రత్యూష లాప్‌టాప్ లోంచి తలెత్తలేదు. "ఇంకా రికవర్ అవుతున్నావు కదా. మేం మేనేజ్ చేస్తాం."

"నువ్వు మేనేజ్ చేయనక్కర్లేదు. నా కళ్ళు చూడు. నా డాక్టర్‌తో మాట్లాడతావా? స్పీకర్‌లో పెడతాను."

మాట్లాడనంది. మర్నాడు పులగం వండి టేబుల్ మీద పెట్టాను. ముగ్గురికీ కంచాలు పెట్టాను. ప్రత్యూష నిలబడి చూస్తోంది. ఆ వంట ఎవరూ ముట్టుకోకపోతే నాకు టర్న్ లేదు, టర్న్ లేకపోతే జనవరిలో నేను లేను. కుర్చీ పట్టుకుని నిలబడ్డాను.

రమ్య గదిలోంచి వచ్చింది. నన్ను చూసింది, ప్రత్యూషని చూసింది, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకైతే ఆకలైతుంది. పెట్టు శైలూ" అంది. గరిటెడు పెట్టగానే ఊదుకుంటూ తినేసింది. "మంచిగుంది. ఇంకొంచెం వెయ్యి."

ఆస్పత్రి గుమ్మంలో నిలబడిపోయినందుకు రమ్య మీద ఉన్న పగ ఆ రోజే వదిలేశాను. నా పగంతా ఇక ఒక్కదాని మీదే.

ప్రత్యూష ఆ పూట పాలల్లో కార్న్‌ఫ్లేక్స్‌లాంటి సీరియల్ వేసుకుని తింది. నా తరవాతి టర్న్‌కి బ్రెడ్ తింది. ఆ తరవాత టర్న్‌కి మైక్రోవేవ్‌లో నూడుల్స్. కారం లేనిదే ముద్ద దిగని గుంటూరు మనిషి ఎన్నాళ్ళని పాలల్లో సీరియల్ తింటుంది? స్టవ్ ముట్టుకోవడానికి లేదు, రూలు తనదే. చివరికి ఒకరోజు కంచం తెచ్చుకుని కూర్చుంది. నేను మళ్ళీ పులగమే వండాను. నా ప్రతి టర్న్‌కీ పులగమే.

"ఇదేంటే, రోజూ ఇదేనా? ఉప్పూ కారం లేకుండా, పేషెంట్ ఫుడ్" అంది.

నేను రమ్య వైపు తిరిగాను. "వంక పెట్టింది, విన్నావా?"

"విన్న" అంది రమ్య. "రేపు నాది గదా టర్న్. ప్రత్యూష తీసుకోవాలె."

అలా మర్నాడు రమ్య టర్న్ ప్రత్యూష చేసింది, ఆ మర్నాడు తన టర్న్ ఎలాగూ ఉంది. నా టర్న్ రాగానే మళ్ళీ పులగం, మళ్ళీ నోరు జారింది. సెమిస్టర్ చివర ప్రాజెక్టుల మధ్య మూడు రోజుల్లో రెండు రోజులు పొయ్యి దగ్గరే నిలబడింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని మా అమ్మ ఊరికే అనదు. దాని తరవాత నోరు మూసుకుని తినడం నేర్చుకుంది. నేను ఎదురుగా కూర్చుని, ప్రతి ముద్దా గొంతు దిగేదాకా చూసేదాన్ని.

అప్పటికి నాకు మామూలు తిండి పడుతోంది. పులగం అవసరం లేదు. అయినా వండాను.

జనవరికి చేరాలనుకున్న అమ్మాయి ఇల్లు చూడటానికి వచ్చింది. నెల్లూరు పిల్ల, చాలా నెమ్మది. పొరపాటున ప్రత్యూష నా టర్న్ రోజున రమ్మంది. కూర్చోబెట్టి పులగం వడ్డించి, జరిగిందంతా కథలా చెప్పాను. కళ్ళు, పెట్టె, కార్పెట్ మీద ప్లేట్, హాల్లో పరుపు. గొంతు పెంచలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. ప్రత్యూష మింగలేక కక్కలేక కూర్చుంది.

"నేను కనుక్కుని చెప్తా అక్కా" అని ఆ పిల్ల వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఇంకెవరూ రాలేదు. కాంపస్‌లో కబురు ఎంత వేగంగా పాకుతుందో ప్రత్యూషే నాకు నేర్పింది. జనవరిలో లీజు మార్చినప్పుడు నా పేరు కూడా చేర్చారు. సంతకం పెట్టి, నా పరుపు కిటికీ పక్కకి జరుపుకున్నాను.

2012 ఫిబ్రవరి

ఇక చాలనుకున్నాను. సరిగ్గా అప్పుడే ప్రత్యూషకి జ్వరం వచ్చింది. కాంపస్ అంతా ఫ్లూ. దగ్గుతూ గదిలో పడుకుంది. రెండు రోజులు ఏమీ తినలేదు. ఆ రోజు టర్న్ నాది. ఎవరూ అడగకుండానే పులగం వండి, ప్లేట్‌లో పెట్టుకుని దాని గది తలుపు తట్టాను.

"ఎవరు?"

"నేనే. తినడానికి తెచ్చాను."

"బయట పెట్టేసెయ్ శైలూ. నేను తీసుకుంటాను. మీకు అంటుకుంటుంది." గొంతు పీలగా వచ్చింది.

అలాంటి అవకాశం కోసం ఎన్నిసార్లు కలగన్నానో చెప్పలేను. ప్లేట్ కార్పెట్ మీద పెట్టడానికి సగం వంగాను కూడా. అప్పుడు తోచింది, ఇది చాలదని. నేల మీద పెడితే చెల్లుకు చెల్లు అయిపోతుంది. రేపు లేచి, నువ్వూ అలాగే చేశావుగా అంటుంది. నాకు చెల్లు కావడం ఇష్టం లేదు. అది జన్మంతా నాకు ఋణపడి ఉండాలి.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. సాక్షిగా ఉండమని రమ్యని కూడా గుమ్మంలోకి పిలిచాను. "శైలూ, దగ్గరికి రాకు" అంటూ ప్రత్యూష దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంటుకుంటే అంటుకోనీ. లేచి కూర్చో."

చేత్తో ముద్ద కలిపాను. వంటింట్లోకి రావద్దన్న అదే చెయ్యి. "నోరు తెరువు" అన్నాను. తెరిచింది. ఒకటి పెట్టాను, రెండు పెట్టాను. మూడో ముద్దకి దాని కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"సారీ శైలూ. నేను అప్పుడు..."

"తినేటప్పుడు మాట్లాడకు. పొరమారుతుంది."

ప్లేట్‌లో మిగిలింది దాని ఎదురుగానే నేను తినేశాను. ఏడుస్తూనే ఉంది. నాకు జాలి కలగలేదు. గుండెల నిండా తృప్తిగా ఉంది. మీరు ఏమన్నా అనుకోండి, అంత రుచిగా ఆ పులగం అంతకుముందెప్పుడూ లేదు.

అనుకున్నట్టే రెండు రోజుల్లో నాకూ జ్వరం తగిలింది. ఎంతో సంతోషంగా పడుకున్నాను. సాయంత్రానికి కుక్కర్ విజిల్ వినిపించింది. కాసేపటికి ప్రత్యూష వచ్చింది. ఇంకా నీరసంగానే ఉంది, గోడ పట్టుకుని నడుస్తోంది. గుమ్మంలో ఆగలేదు. నా కంచంలోనే పులగం పెట్టుకొచ్చి, నా పక్కన మంచం మీద కూర్చుంది. పెసరపప్పు ఎర్రబడకుండా వేయించింది. అల్లం దంచి వేసింది. ఇన్ని రోజులూ నోరు మూసుకుని తింటూ అంతా చూసి నేర్చుకున్నట్టుంది. చేత్తో కలిపి నాకు ముద్ద పెట్టింది.

"ఎలా ఉంది?" అని భయం భయంగా అడిగింది.

నెమ్మదిగా నమిలి మింగాను.

"ఉప్పు సరిపోలేదు. మళ్ళీ వండుకురా" అన్నాను.

లేచి కంచం తీసుకుని, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి బియ్యం కడుగుతున్న చప్పుడు వినిపించింది. నేను అటు తిరిగి, దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.